హవల్దారు చేతులు

ఖాజాగూడ గుట్టమీద ఒక మనిషి రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని కూర్చునేవాడనీ, పక్కన ఇంకొకడు గొడుగు పట్టుకుని కాపలా కాసేవాడనీ చెబితే, ఇప్పుడు అక్కడి అద్దాల భవనాల్లో పనిచేసే పిల్లలు నమ్మరు. కళ్లు మూసుకున్నవాడు వెంకటనారాయణ. గొడుగు నాది. నేను చెప్పే ఏ కథనైనా సగం తీసేసి వినడం మా ఇంట్లో అలవాటు. ఇందులో మాత్రం తీసేయడానికి ఏమీ లేదు. ఒక్క ఉడుము సంగతి తప్ప. ఒక ఉడుము రోజూ బండ సందులోంచి వచ్చి, వెంకటనారాయణ పక్కన చేరి, అది కూడా కళ్లు మూసుకునేదని నేను అందరికీ చెప్పాను. ఉడుము వచ్చిన మాట నిజం. కళ్లు మూసుకుందో లేదో నేను దగ్గరికి వెళ్లి చూడలేదు.

వెంకటనారాయణ ఖాజాగూడలోనే పుట్టాడు. మీసం సరిగా రాకముందే మిలట్రీలో చేరి, హవల్దారుగా రిటైరై, తిరిగి అదే వీధిలోని అదే పెంకుటింటికి వచ్చాడు. అతను వెళ్లేటప్పుడు ఊరి చుట్టూ జొన్నచేలుండేవి. వచ్చిన కొన్నేళ్లకు ఆ చేలలో కంపెనీలు మొలిచాయి. అలాంటి ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాడు. అతను సెల్యూట్ కొడితే కార్లలో వాలిపోయి ఉన్న కుర్రాళ్లు కూడా సీట్లో సర్దుకుని నిటారుగా కూర్చునేవారు. మా కోడలు శిరీష పనిచేసేది ఆ కంపెనీలోనే. గుంతకల్లు రైల్వేలో రిటైరై కొడుకు దగ్గరికి వచ్చిన నాకు అతనితో పరిచయం అట్లా అయింది.

అతను శ్రీలంక యుద్ధానికి వెళ్లొచ్చాడు. ఎనభైల చివర్లో మన సైన్యం జాఫ్నాలో దిగినప్పుడు అక్కడ రోడ్ల కింద మందుపాతరలుండేవి. ఎక్కడ ఏది పేలినా పక్కవాణ్ణి మెడ పట్టి నేలకు వంచి, మీద పడి అదిమి పట్టుకోవాలి. అది వాళ్లకు నేర్పిన పని. ఆ పని బుర్రకంటే ముందు చేతులు నేర్చుకున్నాయి. ఒకరోజు తాటితోపు పక్కన పేలుడు జరిగితే, తన వెంట నడుస్తున్న నారాయణఖేడ్ కుర్రాడు మాణిక్యాన్ని అట్లాగే అదిమి పట్టుకున్నాడు. కాల్పులు ఆగేదాకా వదల్లేదు. "ఏం గాదు, ఏం గాదు" అని చెవిలో చెబుతూనే ఉన్నాడు. ఆగాక చూస్తే మాణిక్యం ఎప్పుడో పోయాడు. తన చేతుల కింద ఉన్నది ఎంతసేపటి నుంచి శవమో వెంకటనారాయణకు ఇప్పటికీ తెలియదు.

ఈ సంగతి అతను నాకు ఒక్కసారే చెప్పాడు. రెండోసారి నేను అడగలేదు.

చుట్టుపక్కల చప్పుడు లేనంతకాలం ఆ చేతులు నిమ్మళంగానే ఉన్నాయి. తర్వాత కొత్త భవనాల పునాదుల కోసం గుట్టలను మందుపెట్టి పేల్చడం మొదలైంది. ఒక మధ్యాహ్నం అతను చాపమీద కునుకు తీస్తుంటే, భార్య నీలమ్మ చాయ్ తెచ్చి భుజం తట్టింది. సరిగ్గా అప్పుడే గుట్ట పేలింది. అతనికి తెలివి వచ్చేసరికి నీలమ్మ మెడ అతని చేతిలో ఉంది. ఆమె మొహం నేలకు ఆనుకుని ఉంది. ఆమె మణికట్టు విరిగింది.

దవాఖానలో నీలమ్మ "బాత్రూంల జారిన" అని చెప్పింది. డాక్టరు ఆమె మెడమీద వేళ్ల గుర్తులు చూశాడు.

"బాత్రూం గొంతు కూడా పట్టుకుందామ్మా?"

"మా బాత్రూం శాన ఇరుకు సార్," అంది నీలమ్మ.

కట్టు విప్పాక ఆమె మామూలు మనిషైంది. అతను కాలేదు. ఇంట్లో చేతులు వెనక్కి కట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. నీలమ్మ నిద్రపోతుంటే ఆ గదిలోకి వెళ్లడు. రద్దీగా ఉన్న బస్సెక్కడు. దీపావళి వస్తే కంపెనీ సెల్లారులో డ్యూటీ అడిగి మరీ వేయించుకుంటాడు.

శిరీష ఆ కంపెనీలో భోజనాల వేళ తోటివాళ్లకు ధ్యానం నేర్పేది. ఒకరోజు తలుపు దగ్గర నిలబడి ఉన్న వెంకటనారాయణను "లోపలికి రండి అంకుల్" అని పిలిచి కూర్చోబెట్టింది. అందరూ కళ్లు మూసుకున్నారు, అతను తప్ప.

"కళ్లు మూసుకోండి అంకుల్."

"అందరం మూస్తే పహరా ఎవలు గాస్తరమ్మా?"

మా కోడలు నవ్వలేదు. ఆ పిల్లలో నాకు నచ్చిన గుణం అదే. సాయంత్రం ఇంటికి రాగానే నా ముందు నిలబడింది.

"మామా, మీకు పనేమీ లేదు కదా?"

"టీవీ చూసేది పని గాదామ్మా?"

"దానికంటే మంచి పనుంది. కూర్చుని చుట్టూ చూస్తా ఉండాలంతే. మాట్లాడకూడదు."

ఆ చివరి షరతు నాకు కష్టమే. కానీ మొదటి పనికి నాకంటే తగినవాడు రాష్ట్రంలో లేడు. గుంతకల్లు కాన్వెంటులో సిస్టర్లు మమ్మల్ని ప్రార్థనకు నిలబెట్టి కళ్లు మూసుకోమనేవారు. నేను ఒక కన్ను తెరిచి ఎవరెవరు కళ్లు తెరిచారో చూసి వాళ్లకు చెప్పేవాణ్ణి. నా కన్ను సంగతి వాళ్లు ఎన్నడూ అడగలేదు. అంతటి అనుభవం ఉన్నవాణ్ణి.

అట్లా గుట్టమీద చదునుగా ఉన్న ఒక బండమీద మా పని మొదలైంది. ఊపిరి వచ్చేదీ పోయేదీ గమనించమనీ, ఏ చప్పుడు వచ్చినా దాన్ని తరమొద్దు, పట్టుకోవద్దు, వచ్చిందని అనుకుని మళ్లీ ఊపిరి దగ్గరికి రమ్మనీ శిరీష చెప్పింది. చెప్పడానికి ఇంతే. అతను కళ్లు మూసుకునేవాడు, వెంటనే తెరిచేవాడు.

"ఉన్నవా సారూ?"

"ఉండానప్పా."

మళ్లీ మూసేవాడు. మళ్లీ తెరిచేవాడు.

"ఉన్నవా?"

"యాడికి పోతానప్పా? మోకాళ్లు పట్టేసినాయి, నువ్వు లేపితే గానీ లేవలేను."

ఆ మాట విన్నాక అతనికి నమ్మకం కుదిరిందనుకుంటాను. ఆ రోజు కొంచెం ఎక్కువసేపు కళ్లు మూసుకున్నాడు.

గుట్టకు అవతలి పక్క రాళ్లు పేల్పించే మేస్త్రి పేరు మొగిలి. బండకు మందు కూరించాక ఎర్రజెండా పాతి, విజిల్ ఊది, "పేలుతదీ, పక్కకు జరుగున్రీ!" అని అరిచేవాడు. వెంకటనారాయణ వెళ్లి అతన్ని కలిశాడు. మనుషులను పక్కకు తప్పించడానికి ఊదే ఆ విజిల్‌ను తనకోసం ఇంకాస్త గట్టిగా ఊదమని అడిగాడు.

"ఎందుకు సాబ్? దూరం పోతవా?"

"లేదు. ఆడ్నే కూసుంట."

మొగిలికి ఏం అర్థమైందో గానీ, ఆనాటి నుంచి మా బండ వైపు తిరిగి ఊదేవాడు. అయినా మొదటిసారి విజిల్ విని కూడా వెంకటనారాయణ నన్ను పట్టి నేలకేసి కొట్టాడు. ఇద్దరం దొర్లాం. నా గొడుగు ఎగిరి గుట్ట కింది చెరువులో పడింది. దాని కింద ఒక కొంగ కాపురం పెట్టిందని చెబుతారు. చెప్పేది నేనే. లేచాక అతను నా మోచేతికి పసుపు అద్దుతూ ఏడ్చాడు. ఇక రావద్దన్నాడు. మర్నాడు నేను కొత్త గొడుగుతో అతనికంటే ముందే వెళ్లి కూర్చున్నాను.

నెలలు గడిచాయి. మొదట్లో పేలుడు వినిపిస్తే బండను రెండు చేతులా పట్టుకునేవాడు, వేళ్ల చివర్లు తెల్లబడేవి. తర్వాత పట్టు సడలింది. కొన్ని పొద్దుల్లో ఏమీ కుదిరేది కాదు. బండ దిగి డ్యూటీకి వెళ్లిపోయేవాడు. మర్నాడు మాత్రం వచ్చేవాడు. యుద్ధంలో అతనికి పతకం వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చినా, అంత దెబ్బతిని మర్నాడు మళ్లీ అదే బండ ఎక్కినందుకు ఇంకొకటి ఇవ్వాలి.

ఒకరోజు అతను కళ్లు తెరిచి, మొహం నిండా వెలుగుతో నా వైపు తిరిగాడు.

"సారూ, రాయి ముందుగాల చెప్తున్నది."

"ఏమని?"

"చప్పుడు చెవులకు రాకముందే బండ జర వణుకుతది. కండ్లు మూసుకొని కదలకుంట కూసుంటే తెలుస్తది. ఆ వణుకుకు, చప్పుడుకు నడుమ ఒక్క ఊపిరంత జాగ ఉన్నది."

నేను నా పిర్రలను ఆ బండకు ఎంత ఆనించినా నాకు తిమ్మిరి తప్ప ఏమీ తెలియలేదు. అతనికి మాత్రం ఆ ఒక్క ఊపిరంత చోటే ఆధారమైంది. ఇన్నేళ్లూ పేలుడికీ అతని చేతులకూ మధ్య సందే లేదు. ఇప్పుడు సందు దొరికింది.

అదే ఏడు అతని కూతురు రోహిణి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. కొడుకు పుట్టాడు. తాత గుమ్మం దగ్గర నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని మనవణ్ణి చూసేవాడు.

"ఎత్తుకో నాయినా."

"బట్టలు మాసినయ్ బిడ్డా."

మర్నాడు జలుబు. ఆ మర్నాడు చేతులకు గ్రీజు అంటిందన్నాడు. గేటు కాసేవాడికి గ్రీజు ఎక్కడిదని రోహిణి అడగలేదు. తల్లి మణికట్టు సంగతి ఆమెకు తెలుసు. పిల్లవాడికి ఐదోనెల వచ్చినా తాత వేలు కూడా తాకలేదు.

అవి తెలంగాణ ఉద్యమం ఇంటింటా ఉన్న రోజులు. ఖాజాగూడ చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల శిబిరం వెలిసింది. దాన్ని నడిపేవాడు నితీష్ అని ఆ ఊరి కుర్రాడే. పొద్దున కొందరు దండలు వేసుకుని కూర్చునేవారు. సాయంత్రం ఎవరింటి పసిపిల్లవాణ్ణో తెచ్చి, వాడి చెయ్యి గ్లాసుకు తాకించి, నిమ్మరసం తాగించి దీక్ష విరమింపజేసేవారు. నేను అటు వెళ్తే నితీష్ వదిలేవాడు కాదు.

"ఓబులేసు తాతా, మీ సీమోల్లు గూడ ఒక్క దినం కూసోవాలె!"

"నాకు షుగరుందప్పా. అన్నం మానితే మీ తెలంగాణ వచ్చేలోపల నేను పోతా."

"పోతె పో తాతా, అమరుడవైతవ్!"

సకల జనుల సమ్మె దగ్గర పడింది. సమ్మె మొదలైతే బస్సులు బందవుతాయని, ముందే వచ్చేయమని సిద్దిపేట నుంచి రోహిణి అత్తగారు ఫోన్ చేసింది. ఆ సాయంత్రం రోహిణి తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"రేపు పోతున్న నాయినా. సమ్మె ఎన్ని దినాలుంటదో, మల్ల ఎప్పుడొస్తనో. ఒక్కసారి ఎత్తుకో."

అతని చేతులు వెనకే ఉండిపోయాయి. "రేపటిదాంక టైమియ్యి బిడ్డా," అన్నాడు.

మర్నాడు డ్యూటీకి సెలవు పెట్టి బండమీదికి వెళ్లాడు. ఆ రోజు నాకు జ్వరం. శిరీష గడప దాటనివ్వలేదు. కాపలా లేకుండా అతను కళ్లు మూసుకోవడం అదే మొదటిసారి. భయం వదిలేదాకా దిగకూడదనుకున్నాడట. పొద్దెక్కినా దిగలేదు.

అతన్ని నితీష్ చూశాడు. ఆ రోజుల్లో ఎండలో కదలకుండా కూర్చున్న మనిషంటే మా ప్రాంతంలో ఒకటే అర్థం. హవల్దారు సాబ్ ఎవరికీ చెప్పకుండా తెలంగాణ కోసం అన్నం నీళ్లు మానేశాడు! నితీష్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. పరుగెత్తుకెళ్లి చౌరస్తాలోని శిబిరాన్ని ఉన్నదున్నట్టుగా విప్పించి, గుట్టమీదికి మోయించాడు. కర్రలు రాళ్ల సందుల్లో దిగాయి. షామియానా లేచింది. మైకు వచ్చింది, డప్పులు వచ్చాయి.

ఇంత జరుగుతుంటే వెంకటనారాయణ ఏం చేస్తున్నాడంటారా? చప్పుడు వస్తే తరమొద్దని మా కోడలు చెప్పింది కదా. సుత్తి చప్పుడు రానిచ్చాడు. మైకు చప్పుడు రానిచ్చాడు. డప్పులు కూడా రానిచ్చి మళ్లీ ఊపిరి దగ్గరికి వెళ్లాడు. అంత శ్రద్ధగల శిష్యుడు శిరీషకు మళ్లీ దొరకలేదు. మెడలో బంతిపూల దండ పడ్డాక గానీ కళ్లు తెరవలేదు.

డప్పుల మోత విని, దుప్పటి కప్పుకునే నేను గొడుగుతో బయల్దేరాను. వెళ్లేసరికి బండచుట్టూ ఊరంతా ఉంది.

"నేను దీక్షల లేనురా నితీషూ," అంటున్నాడు అతను. "పొద్దుగాల ఇడ్లీలు తిని వచ్చిన."

నితీష్ మైకు అందుకున్నాడు. "సూసిండ్రా! పేరు గూడ వద్దంటుండు! గిదీ మన హవల్దార్ కాకంటే!"

డప్పులు రెట్టింపయ్యాయి. నేను జనాన్ని తోసుకుంటూ, "ఆయప్ప నిజంగానే తిన్నాడప్పా!" అని అరిచాను.

"సీమ తాత దీక్ష ఇడిపియ్యనీకె వచ్చిండు! ఆపున్రి!" అని ఎవరో కేకవేశారు. నలుగురు కుర్రాళ్లు నన్ను ఎంతో మర్యాదగా ఎత్తి వెనక్కి పెట్టారు.

అప్పటికే కబురు అందినట్టుంది. నీలమ్మ, ఆమె వెనక పిల్లవాణ్ణి ఎత్తుకుని రోహిణి ఆయాసపడుతూ వచ్చారు. నీలమ్మ నడుముమీద చేతులు పెట్టుకుంది.

"అన్నం మానేసినవట? మరి పొద్దుగాల గిన్నెడు ఇడ్లీలు ఎవలు తిన్నరయ్యా?"

"నేనూ గదే చెప్తున్న, ఇంటలేరు!"

నితీష్‌కు పిల్లవాడు కనిపించాడు. "నిమ్మరసం మనవడి చేతుల మీదుగనే!" అని ప్రకటించి, రోహిణి అయ్యో అనేలోపే పిల్లవాణ్ణి తీసుకుని తాత ఒడిలో పెట్టేశాడు. ఫోటో తీసేవాళ్లు ముందుకు జరిగారు.

వెంకటనారాయణ చేతులు రెండూ గాల్లోకి లేచాయి, ఎవరో తుపాకీ గురిపెట్టినట్టు. ఒడిలో పిల్లవాడు మెల్లగా జారుతున్నాడు. అతని కళ్లు జనంలో వెతుకుతున్నాయి. నాకోసమే.

"ఉండానప్పా!" అని గొడుగు పైకెత్తి అరిచాను. చూశాడో లేదో తెలియదు.

అప్పుడే నాకు గుట్ట అవతల ఎర్రజెండా కనిపించింది. మొగిలి మా వైపు తిరిగి బుగ్గలు పొంగించి విజిల్ ఊదుతున్నాడు. డప్పుల మోతలో ఒక్క పిసరు కూడా వినిపించడం లేదు. నేను మొగిలి వైపు చూపించి అరిచాను. సీమ తాత మళ్లీ మొదలుపెట్టాడని పక్కనున్నవాళ్లు నవ్వారు. నీలమ్మ ఒక్కతే నా వేలు చూపిన దిక్కు చూసింది. ఆమెకు అర్థమైంది. ఎడమ చెయ్యి తనంతట తానే వెళ్లి కుడి మణికట్టును పట్టుకుంది. ఒక్క అడుగు ముందుకు వేసింది. ఆగింది. ఎందుకు ఆగావని తర్వాత అడిగితే, "ఆయన మొకం జూసిన," అని మాత్రం చెప్పింది.

ఆ మొహం నేనూ చూశాను. వెతకడం మానేసింది. ఎవరో లోపలి నుంచి పిలిచినట్టు కాస్త కిందికి వంగింది. రాయి చెప్పింది కాబోలు. అతని ఛాతీ నిండుగా ఒక ఊపిరి లోపలికి పోయింది. గాల్లోని చేతులు దిగాయి.

గుట్ట పేలింది.

షామియానా ఉబ్బి మళ్లీ వాలింది. డప్పులు ఆగిపోయాయి. ముందు వరుసలో ఉన్నవాళ్లు చెల్లాచెదురయ్యారు. నిమ్మరసం గ్లాసు వదిలేసి నితీష్ మైకు స్టాండును కౌగిలించుకున్నాడు. నేను, దాచడం ఎందుకు, గొడుగు తెరిచి దానివెనక కూర్చున్నాను.

దుమ్ము తగ్గాక చూశాను. హవల్దారు కూర్చున్నచోటే ఉన్నాడు. అతని రెండు అరచేతులు పిల్లవాడి రెండు చెవుల మీద ఉన్నాయి. నొక్కి కాదు, కప్పి. పిల్లవాడు ఆ చేతుల మధ్యనుంచి తాత మీసాన్ని చూస్తున్నాడు. అతను వంగి వాడి నుదుటికి దగ్గరగా ఏదో చెబుతున్నాడు. అంతా నిశ్శబ్దంగా ఉంది కాబట్టి నాక్కూడా వినిపించింది.

"ఏం గాదు. ఏం గాదు."

పిల్లవాడు ఆవులించాడు.

నీలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. భర్త మెడలోని దండను సర్దింది, అంతే. మైకు స్టాండును వదిలి నితీష్ దగ్గరికి వచ్చాడు.

"కాకా, నిమ్మరసం కింద పడ్డది."

"పడనియ్యిరా. ఇంట్ల పప్పుచారున్నది. పొద్దుటిసంది ఒక్కటే కూసున్న, ఇప్పుడు నిజంగనే ఆకలైతున్నది."

పిల్లవాణ్ణి ఎత్తుకుని లేచాడు. బండలమీద ఒక్కో అడుగూ చూసుకుంటూ, దండతోనే దిగాడు. జనం దారి ఇచ్చారు. మర్నాటి నుంచి శిబిరం మళ్లీ చౌరస్తాకు మారింది. అతను నిజంగానే ఒకరోజు వెళ్లి అందులో కూర్చున్నాడు, ఈసారి ఇడ్లీలు తినకుండా. బండమీదికి మాత్రం మేం తర్వాత కూడా వెళ్తూనే ఉన్నాం. దీపావళికి అతను సెల్లారు డ్యూటీ అడగడం కూడా మానలేదు. భయాలన్నీ ఒక్క రోజులో పోయాయని చెబితే అది నా కోత అవుతుంది.

ఆ సాయంత్రం రోహిణిని సిద్దిపేట బస్సెక్కించడానికి అందరం రోడ్డు మీదికి వచ్చాం. అన్నం తినేటప్పుడు తప్ప అతను మనవణ్ణి ఎవరికీ ఇవ్వలేదు. అప్పుడు కూడా నీలమ్మ ఎత్తుకుంటే ఆమె ఎదురుగానే కూర్చుని తిన్నాడు. తాతా మనవళ్లిద్దరికీ ఎండ తగలకుండా నేను గొడుగు పట్టి నిలబడ్డాను.

"చేతులు గుంజుతలేవా నాయినా?" అంది రోహిణి.

"గుంజుతున్నయ్."

"మరి ఇటియ్యి."

"బస్ రానియ్యి బిడ్డా," అన్నాడు.